నేను టైపు చేయని లైను

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుందని మా చుట్టాలందరికీ తెలుసు. మా అత్తగారు దిష్టి తీసి గుమ్మంలో పెట్టిన నిమ్మకాయలతో పులిహోర కలిపి, ఆవిడకే వడ్డించిన మనిషిని నేను. మ్యాథ్స్‌తో బీఎస్సీ చదివాను. లెక్క తేలకపోతే తప్పు లెక్క చేసినవాడిదే తప్ప అంకెలది కాదని నా నమ్మకం.

కాబట్టి ఇది చదివి ‘మేడం కూడా మారిపోయింది’ అని ఎవరూ సంబరపడకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తప్పెక్కడుందో కనబడితే చెప్పండి, మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాను. ఇన్నేళ్ళుగా నాకైతే కనబడలేదు.

ఆదిలాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో నా ఉద్యోగం. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఎనభైల మధ్యలో మేం ముగ్గురు ఆడవాళ్ళం కూర్చుని, మా శాఖ హాస్టళ్ళలోని వంటవాళ్ళు, స్వీపర్లు, వాచ్‌మన్ల వివరాలన్నీ మెషిన్‌లోకి ఎక్కించాం. మనిషికి ఒక లైను. లైను చివర దాన్ని టైపు చేసినవాళ్ళ కోడు పడుతుంది. నా కోడు సున్నా నాలుగు.

వాళ్ళలో పదకొండు మందికి పుట్టిన తేదీ తెలియదు. అలాంటివాళ్ళకు తేదీ గడిలో సున్నాలు కొట్టి, పక్కనున్న రిమార్కు గడిలో డాక్టరు అంచనా వేసిన వయసు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళం. రిమార్కు చివర చుక్క పెట్టడం నాకు అలవాటు. మిగతా ఇద్దరికీ అంత ఓపిక ఉండేది కాదు. అంతా అయ్యాక టేపు మీదికి ఎక్కించి బీరువాలో పెట్టాం. అన్నం పళ్ళెమంత టేపు చక్రం అది.

తొంభైల్లో కొత్త మెషిన్ వచ్చింది, దానితోపాటు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణులు వివరాలన్నీ రెండు రోజుల్లో కొత్తదానిలోకి మార్చేసి, దండలు వేయించుకుని వెళ్ళిపోయారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో రిమార్కు గడే లేదు. సున్నాల తేదీ దానికి అర్థం కాక, దానికి తెలిసిన అన్నిటికన్నా పాత తేదీని ఆ పదకొండు మందికీ అంటించింది. ఒక్క పూటలో పదకొండు మందీ తొంభై దాటిన ముసలివాళ్ళైపోయారు. తొంభై ఏళ్ళ మనిషి హాస్టల్లో గంజి వంచుతోందా అని ఒక్కరూ అడగలేదు. నెలాఖరుకు రిటైరవ్వమని కాగితాలు పంపేశారు.

పదిమందికి డాక్టరు అంచనా రాసిన సర్వీసు రిజిస్టర్లు ఉన్నాయి కనుక బతికిపోయారు. ఉట్నూర్ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే రత్నమ్మ రిజిస్టరును మాత్రం, ఆమె చేరినప్పటి దరఖాస్తుతో సహా చెదలు తినేశాయి.

నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులుందనగా ఆమె మా ఆఫీసుకు వచ్చింది. దిట్టమైన మనిషి, జుట్టు సగం కూడా నెరవలేదు. నా బల్ల ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

“నాకింక సత్తువున్నది మేడం. రెండు వందలమందికి వండుత. గా మిషన్ నన్ను ముసల్దాన్ని చేసింది. వంటింటెనుక రూం ఖాళీ చెయ్యమంటుండ్రు. నేనెటు పోవాలె?”

ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. నిర్మల్‌లో క్రైస్తవ మిషనరీల బోర్డింగులో పెరిగింది. ఎవరు తెచ్చి వదిలారో, ఎక్కడినుంచో ఆమెకు తెలియదు. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళుగా వంటింటి వెనకాల ఉన్న ఆ గదే ఆమె ఇల్లు.

మా ఆఫీసరుతో వాదించాను. ఆయన నాతో వాదించి గెలవలేరు గానీ సంతకం పెట్టకుండా గెలుస్తారు. చివరికి, పాత రికార్డులో వయసుకు సంబంధించి ఏదైనా ఆధారం చూపిస్తే ఉత్తర్వు ఆపుతానన్నారు. ఆ ఆధారం ఉంటే గింటే బీరువాలోని టేపులోనే ఉండాలి.

టేపు చదివే పాత మెషిన్‌ను పనికిరాదని స్టోర్ రూంలో పడేశారు. టైపు మిషన్లు, సైక్లోస్టైల్ మిషన్లు బాగుచేసే సలీం భాయ్‌ను పిలిపించాను. ఆయన మూడు రోజులు దానితో కుస్తీ పట్టి, మొత్తానికి తిరిగేలా చేశాడు. టేపును వేలితో రుద్ది నాకు చూపించాడు. వేలికి గోధుమరంగు పొడి అంటుకుంది.

“గిది ఒక్కసారే నడుస్తది మేడం. రెండోసారి అడగకుండ్రి.”

కొత్త సాఫ్ట్‌వేర్ జోలికే పోలేదు. టేపు మీద ఉన్నది ఉన్నట్టు ప్రింటరుకు పంపించాం. పట్టపగలు, పన్నెండున్నర. గదిలో నేను, సలీం భాయ్, రత్నమ్మ, ఫైలు కోసం వచ్చిన ఒక గుమాస్తా ఉన్నాం. చక్రం తిరుగుతుంటే కాగితం మీద లైన్లు పడుతున్నాయి. పదిమంది రిమార్కులు మేం రాసినట్టే ఉన్నాయి, డాక్టరు అంచనా, వయసు, నావైతే చివర చుక్క.

రత్నమ్మ లైను వచ్చింది. పేరు సరిగ్గానే ఉంది. తేదీ గడిలో సున్నాలున్నాయి. రిమార్కు గడిలో డాక్టరు లేడు, వయసూ లేదు. ‘మెట్‌పల్లి చర్చి, మూడో బుక్కు, అరవై ఒకటో పేజీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. చివర చుక్క, దాని పక్కన సున్నా నాలుగు.

నేను మెట్‌పల్లి ముఖం చూసి ఎరుగను. రత్నమ్మను గట్టిగానే నిలదీశాను, టైపు చేసేటప్పుడు నాకు ఈ మాట చెప్పావా అని.

“మిమ్మల్ని గిప్పుడే చూస్తున్న గద మేడం. మెట్‌పల్లి నేనెన్నడు తొక్కలే. అబద్ధం జెప్తే నాకేమొస్తది?”

సలీం భాయ్‌ను బతిమాలి మళ్ళీ నడిపించాను. చక్రం తిరిగింది గానీ ఒక్క అక్షరం రాలేదు. పొడి రాలిపోయి టేపు కొన్నిచోట్ల అవతల వెలుతురు కనిపించేంత పలచబడింది.

ఆఫీసరు కాగితం చూసి, ఇది వయసు కాదు కదా అన్నారు. మాట నిజమే. మర్నాడు సెలవు పెట్టి రత్నమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఆర్మూర్‌లో బస్సు మారి మెట్‌పల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా ఆ లైను నేనెప్పుడు కొట్టానా అని ఆలోచిస్తున్నాను. నాకు నా మీదే అనుమానంగా ఉంది. ఆమె మాత్రం కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ కూర్చుంది.

చర్చిలో నడివయసు పాస్టరుగారు ఉన్నారు. ముప్పావుగంట వెతికి, చెక్క పెట్టె అడుగునుంచి బాప్తిస్మాల పుస్తకాలు తీశారు. మూడో పుస్తకంలో అరవయ్యో పేజీ, అరవై ఒకటో పేజీ చెమ్మకు అతుక్కుపోయాయి. ఆయన పోస్టుకార్డు అంచుతో మెల్లగా విడదీశారు. తాను వచ్చాక ఆ పుస్తకం ఎవ్వరూ అడగలేదని, తాను కూడా తెరవలేదని చెప్పారు.

పేజీ మధ్యలో రత్నమ్మ పేరుంది. పుట్టిన తేదీ రోజుతో సహా ఉంది. దాని ప్రకారం ఆమెకు నలభై ఏడు నడుస్తోంది. తల్లి పేరు సారమ్మ, వృత్తి కూలి. అంచున ఇంకెవరిదో చేతిరాతలో, తల్లి చనిపోయింది, పిల్లను నిర్మల్ బోర్డింగుకు పంపాము అని రాసి ఉంది.

నేను గబగబా తేదీ రాసుకుంటున్నాను. రత్నమ్మ తేదీ సంగతి అడగనే లేదు.

“అయ్యా, గా పేరు మల్లొకసారి సదువుండ్రి,” అంది.

సారమ్మ అని పాస్టరుగారు మళ్ళీ చదివారు. ఆమె ఇంకోసారి చదివించుకుంది. తర్వాత పెదవులు కదుపుతూ తనలో తానే అనుకుంది. నేను కళ్ళజోడు తుడుచుకునే వంకతో బయటికి వచ్చాను.

పాస్టరుగారు ఇచ్చిన సర్టిఫికెట్టుతో ఉత్తర్వు రద్దయింది. రత్నమ్మ తన గదిలోనే ఉండిపోయింది. అక్కడితో నేను ఊరుకోవాల్సింది. ఊరుకోవడం నా చేతకాదు.

నా కోడుతో ఇంకెవరైనా టైపు చేశారేమో అనుకున్నాను. మిగతా ఇద్దరిలో ఒకావిడది గుంటూరు, ఇంకొకావిడది వరంగల్. ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. రత్నమ్మ ఎవరని ఎదురు నన్నే అడిగారు. అసలు దరఖాస్తులోనే అలా ఉండి, నేను ఆలోచించకుండా దించేశానేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇదొక్కటే నాకు సబబుగా తోచింది. పేజీలు అతుక్కోకముందు ఎవరో చూసి ఉంటారు, వాళ్ళే దరఖాస్తులో రాయించి ఉంటారు. అందులో వింతేముంది? ఈ సమాధానంతో నెల రోజులు హాయిగా నిద్రపోయాను.

తర్వాత ఉట్నూర్ హాస్టల్ గోడలకు సున్నం కొట్టిస్తుంటే అల్మారా వెనక ఒక పాత ప్రింటు దొరికిందని, వార్డెనమ్మ దాన్ని రత్నమ్మ చేతికిచ్చి పంపింది. మేం ఆ రోజుల్లో హాస్టళ్ళకు పంపిన జాబితా అది. పైన మా ఆఫీసు ముద్ర, నా సంతకం ఉన్నాయి. తేదీ చూశాను. టేపు మీదికి ఎక్కించిన రోజే, ఆ టేపులోంచే తీసిన ప్రింటు. రత్నమ్మ లైనులో రిమార్కు ‘డాక్టరు అంచనా ముప్ఫై ఎనిమిది’. చివర చుక్క, దాని పక్కన సున్నా నాలుగు.

అంటే నేను సరిగ్గానే టైపు చేశాను. టేపు మీదికి సరిగ్గానే ఎక్కింది. ఆ తర్వాత ఆ టేపు నా తాళం కిందే ఉంది. ఈ కాగితం ముందే దొరికి ఉంటే ఉత్తర్వు దానితోనే ఆగిపోయేది, మేం మెట్‌పల్లి వెళ్ళేవాళ్ళమే కాదు.

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి రత్నమ్మకు విషయమంతా చెప్పాను. ఆమెకు చదువు రాదు. శ్రద్ధగా విని, అవ్వ ఊరు, అంటే వాళ్ళమ్మ ఊరు, రాసున్నది ఏదని అడిగింది. టేపులోంచి వచ్చినదాన్ని చూపించాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

“గిది నేను కొంటవోత. గది మీరే ఉంచుకోండ్రి మేడం, ఫికరంత మీకే గద.”

వద్దని ఎలా అంటాను? ఆఫీసు కాగితం, ఇవ్వకూడదు. ఇచ్చేశాను.

అందుకే ఎవరైనా సాక్ష్యం అడిగితే చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ మామూలు కాగితం ఒక్కటే. డాక్టరు అంచనా, ముప్ఫై ఎనిమిది, చుక్క. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. అందులో తప్పేమీ లేదు.