కరివేపాకు చెట్టుకి పథ్యం

నా చిన్నతనంలో మా ఇంట్లో ఎవరి కాలూ ఒక్క చోట నిలవని రోజులు కొన్ని గడిచాయి. అవి తలచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్న కుర్చీలోంచి లేవాలనిపిస్తుంది. అప్పుడు మేం మలేషియాలో కువాలా సెలంగోర్ దగ్గర ఒక ఎస్టేట్‌లో, వరసగా కట్టిన లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. నాన్న పామాయిల్ గెలలు కోసే పనికి తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. ఇంట్లో అమ్మ, నేను, కొత్తగా పుట్టిన చెల్లి. వాకిట్లో ఒక కరివేపాకు చెట్టు.

చెల్లికి బొడ్డు ఊడిన రోజున అమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి ఆ చెట్టు మొదట్లో పాతిపెట్టింది. మా వాళ్ళలో అది ఆనవాయితీ. చెట్టు పచ్చగా ఉన్నన్నాళ్ళూ పిల్ల చల్లగా ఉంటుందని నమ్మకం. నా బొడ్డు కొబ్బరిచెట్టు కింద ఉందట, అందుకే ఇంత పొడుగు, ఇంత మొండి అని నాన్న నన్ను ఆటపట్టించేవాడు. అలాంటి మాటలు అందరూ బాగున్నప్పుడు నవ్వులాటగానే ఉంటాయి.

చెల్లి బాగాలేదు. తాగిన పాలు తాగినట్టే కక్కేసేది. కాళ్ళు చేతులు పుల్లల్లా ఉండేవి. ఏడుపు కూడా గట్టిగా ఏడ్చేది కాదు, అదే అమ్మకి ఎక్కువ భయం. సర్కారు క్లినిక్‌లో మిస్సీ, అంటే నర్సమ్మ, పిల్లని తూచి, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టవద్దని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇమ్మని చెప్పింది. అమ్మ బుద్ధిగా తల ఊపింది. ఇంటికి రాగానే వామునీళ్ళు కాచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చెట్టు కూడా పాడవడం మొదలైంది. ముందు ఆకుల కొసలు పెనం మీద మాడినట్టు గోధుమరంగుకి తిరిగాయి. తర్వాత ఆకంతా పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. రెమ్మ ముట్టుకుంటే చాలు, ఆకులు జలజలా రాలిపోయేవి. వాటిని ఊడ్చిపారేయడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. ఏరి కొంగులో పోసుకుని, ఏం చెయ్యాలో తెలియక, అలా పట్టుకుని ఇంట్లో తిరిగేది.

ఇక చూడాలి లైనులో వాళ్ళ హడావుడి. పక్కింటి తమిళ పాట్టి, అంటే అవ్వ, పుల్లమజ్జిగ తెచ్చి చెట్టు మొదట్లో పోసింది. ఆవిడే చెల్లికి వస అరగదీసి నాకించింది. ఎదురింటివాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళు, ఇంకొకరు చేపలు కడిగిన నీళ్ళు. నాన్న ఎస్టేట్ నుంచి గుప్పెడు ఎరువు తెచ్చి చల్లాడు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే గుమ్మంలోనే ఆపేవాళ్ళం. చెట్టుకి ఏది మంచిదంటే అది చెట్టుకి, పిల్లకి ఏది మంచిదంటే అది పిల్లకి. వాకిట్లో మట్టి ఎప్పుడూ చిత్తడిగా, పులిసిన వాసన కొడుతూ ఉండేది. నేను ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగి తిరిగి, కొత్త చిగురేమైనా వచ్చిందేమోనని కొమ్మలన్నీ గోటితో గిల్లి చూసేదాన్ని. లోపల చెల్లి ఊపిరి తీస్తోందో లేదో వంగి చూసేదాన్ని. మళ్ళీ బయటికి.

అలాంటప్పుడు మా క్లాంగ్ అత్త వచ్చింది. నాన్నకి అక్క. పోర్ట్ క్లాంగ్‌లో గోదాముల దగ్గర పనివాళ్ళకి వంట చేసి పెట్టేది. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, ఎవరి మాటా వినే రకం కాదు. ఆవిడ బస్సు దిగి వస్తోందంటే మా నాన్న చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. ఆ రోజు మాత్రం గుమ్మంలోకి కూడా రాకుండా వాకిట్లోనే ఆగిపోయింది. చేతిసంచీ నాకిచ్చి, ఒక రెమ్మ వంచి ఆకులు తిరగేసి చూసింది. వెనకవైపు పురుగు లేదు, గుడ్లు లేవు. కాండం మీద గోటితో గీకింది. లోపల పచ్చగానే ఉంది. అప్పుడు చతికిలబడి కూర్చుని, మట్టి కాస్త తీసి వాసన చూసి, నాలిక చివర పెట్టుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"ఇక్కడ ఉప్పెవులు పోస్తన్నారు?" అంది.

ఎవరూ పొయ్యడం లేదంది అమ్మ. అబద్ధం కాదు, ఆమెకి నిజంగానే తట్టలేదు. నాకు తట్టింది. రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకి అమ్మ గుప్పెడు కల్లుప్పు చెల్లి చుట్టూ తిప్పి, దిష్టి తీసి, గిన్నెలో నీళ్ళలో కరిగించేది. ఎవరూ తొక్కని చోట పొయ్యాలి కదా. చెట్టు మొదలు కంటే ఎవరూ తొక్కని చోటు మా వాకిట్లో ఏముంది? పిల్ల ఇంకా నీరసపడితే రెండు పూటలా తీసేది. చెట్టు ఇంకా ఎండితే, ఆ చెట్టుకీ కలిపి ఇంకో గుప్పెడు. మొదట్లో మట్టి మీద పేరుకున్న తెల్లటి పొడిని మేమంతా రోజూ చూస్తూనే ఉన్నాం. అదేమిటని ఎవరమూ అనుకోలేదు.

నేను ఆ మాట బయటపెట్టగానే అమ్మ ముఖం చూడలేకపోయాను. అమ్మ గడప మీద కూర్చుండిపోయింది. పిల్లని కాపాడుకోవడానికి తీసిన దిష్టే పిల్ల బొడ్డున్న చెట్టుని చంపుతోందంటే ఆ తల్లికి ఎలా ఉంటుంది? తన చేతులకేసి చూసుకుంటూ, నా చేతులతో నేనే పోసినాను వదినా అని మాత్రం అంది. అత్త గనక ఆ క్షణంలో దిష్టీ లేదు గిష్టీ లేదు, నీ పిచ్చి నమ్మకాలు అని ఒక్క మాట అని ఉంటే అమ్మ ఇంక లేచేది కాదని నా నమ్మకం. అత్త అలా అనలేదు. పక్కన కూర్చుని, ఎంతో తెలిసినదానిలా గొంతు తగ్గించి చెప్పింది.

"దిస్టి పారే నీల్లలో పొయ్యాలమ్మా, కొట్టుకుపోతాది. కదలని సెట్టుకి పోస్తే అదెక్కడికి పోతాది, పాపం? ఇక నుంచి లొంగ్‌కాంగ్‌లో పొయ్యి."

లొంగ్‌కాంగ్ అంటే ఇళ్ళ ముందు పారే కాలువ. మేమంతా మలాయ్ మాటే వాడేవాళ్ళం. అమ్మ తల ఎత్తింది. అది తనకి అర్థమయ్యే మాట, తను చెయ్యగలిగిన పని.

అత్త కొంగు బిగించింది. పార తెచ్చి చెట్టు చుట్టూ పైమట్టి గీకించి అవతల పోయించింది. పసుపు గుడ్డ ఉన్న వైపు మాత్రం పార తగలనివ్వకుండా వేళ్ళతోనే తీసింది. నిలిచిన నీళ్ళు పోవడానికి కాలువ దాకా చిన్న గాడి తవ్వింది. ఆ గాడి వెంట పోయేలా మంచినీళ్ళు బిందెలకొద్దీ కుమ్మరించి ఉప్పు కడిగేసింది. తర్వాత కత్తి తీసుకుని ఎండిన కొమ్మలు నరకబోయేసరికి అమ్మ చెయ్యి పట్టుకుని ఒద్దు వదినా, ఒద్దు అని బతిమాలింది. అత్త ఆగలేదు. కొమ్మలు పడుతుంటే అమ్మ చెల్లిని గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగి నిలబడింది. నేనూ ఏడ్చాను. చివరికి మిగిలింది ఒక మోడు, దాని మీద పట్టుమని గుప్పెడు ఆకులు.

అప్పుడు అత్త పెరట్లోకి వెళ్ళి ఒక గోధుమరంగు మందు సీసాతో తిరిగి వచ్చింది. మూతికి గుడ్డ చుట్టి ఉంది. క్లాంగ్‌లో ఒక పెద్దాయన ఇచ్చిన మందని, పొద్దున్నే ఒక్క మూతెడు చెట్టుకి పొయ్యాలని, అది కూడా తల్లే పొయ్యాలని చెప్పింది. దీనికి పథ్యం గట్టిదట. మందు పడుతున్నన్నాళ్ళూ ఇంకే నీళ్ళూ చెట్టుకి తగలకూడదు, వాన తప్ప. చెట్టుదీ పిల్లదీ ఒకటే బొడ్డు కాబట్టి పథ్యం ఇద్దరికీ ఒకటే. మిస్సీ చెప్పినట్టు చంటిదానికి చనుబాలు తప్ప చుక్క కూడా పట్టకూడదు. పథ్యం తప్పితే మందు విరుగుతుంది. ఈ మాటలు పాట్టికి కూడా వినబడేలా, కావాలనే గొంతు పెంచి చెప్పింది. వెళ్తూ వెళ్తూ నన్ను వాకిట్లో కాపలా పెట్టింది.

ఏమీ చెయ్యకుండా ఉండడమంత కష్టమైన పని నేను మళ్ళీ ఎన్నడూ చెయ్యలేదు. మిగిలిన ఆకులు కూడా రాలిపోయాయి. పాట్టి మజ్జిగ గిన్నెతో గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, గొణుక్కుంటూ వెనక్కి పోయేది. అమ్మ ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికేది. తుడిచిన గచ్చే మళ్ళీ తుడిచేది. కాసేపు కూర్చుంటే చెల్లిని ఒళ్ళో వేసుకుని పాలిచ్చేది, ఇంకేం చెయ్యాలో తోచక మళ్ళీ పాలిచ్చేది.

ఒక సాయంత్రం చెల్లి అదే పనిగా ఏడ్చింది. అమ్మ గుప్పెడు ఉప్పు తిప్పి, గిన్నెలో నీళ్ళలో వేసి, వాకిట్లోకి వచ్చింది. కాళ్ళు అలవాటుగా చెట్టు వైపే నడిచాయి. నేను మోడుకి అడ్డంగా నిలబడ్డాను. అమ్మని ఆపడం నాకు అలవాటు లేని పని. అమ్మ నన్ను చూసింది, నా వెనక మోడుని చూసింది. తర్వాత తిరిగి కాలువ దాకా నడిచి అందులో వంచేసింది. నీళ్ళు కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడి, లోపలికి వచ్చి మళ్ళీ పాలిచ్చింది.

మర్నాడు నాకో దుర్బుద్ధి పుట్టింది. అంత గొప్ప మందు ఎలా ఉంటుందో చూద్దామని ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. నీళ్ళు. ఉత్త నీళ్ళు, రేకుల కప్పు మీంచి పెరటి తొట్టిలో పడే వాననీళ్ళ రుచి. అత్త మమ్మల్ని మోసం చేసిందా? అమ్మకి చెప్పాలా, మానాలా? పైకి చెప్పలేక, లోపల దాచుకోలేక అన్నం తినలేదు. ఎందుకే అలా ఉన్నావని అమ్మ అడిగితే పళ్ళు నొప్పన్నాను.

అత్త మళ్ళీ వచ్చేసరికి మోడు మీద అక్కడక్కడ లేత చిగుళ్ళు లేచి ఉన్నాయి. చెల్లి బుగ్గలు తేరాయి. నా జడ అందితే వదిలేది కాదు. అమ్మ పాయసం వండింది. నాకు మాత్రం ఆ పాయసం దిగలేదు. అత్తని పెరట్లోకి లాక్కెళ్ళి, అవి నీళ్ళే కదా అని నిలదీశాను. ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. నా తల మీద చెయ్యేసింది.

"ఆ మందు సెట్టుకి కాదే గుంటా. మీ యమ్మ సేతులికి."

అప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం చాలా ఏళ్ళకి, అమ్మ మంచం పట్టిన రోజుల్లో అర్థమైంది. అత్త అప్పటికే పోయింది. ఒక మధ్యాహ్నం మాటల్లో ఆ సీసా సంగతి వచ్చింది. ఇంకా దాచడమెందుకని, అవి వాననీళ్ళేనమ్మా అని చెప్పేశాను. అమ్మ నాకేసి జాలిగా చూసింది.

"నాకు తెల్దేటి? మొదటి రోజే నాలిక మీద ఏసుకుని సూసినాను. పిల్లదానికీ సెట్టుకీ ఒకే పథ్యమంటే ఆ మందేటో సూడకుండా పోస్తానా? నీల్లే. అయినా ఎవులో ఒకలు నన్ను ఆపాల కదా, నా అంతట నాను ఆగలేకపోనాను."

ఆ మాట విని నేను లేచి బయటికి వెళ్ళి, చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఒకరు మందని చెప్పి, ఇంకొకరు నమ్మినట్టు నటించి ఒక పిల్లని బతికించుకున్నారు. మధ్యలో నేనొక్కదాన్నే పాయసం తినలేక చచ్చాను!

ఎస్టేట్ పోయింది, లైను ఇళ్ళు పోయాయి. ఆ చెట్టు పిలక ఒకటి ఇప్పుడు క్లాంగ్‌లో మా చెల్లెలి ఇంటి ముందు ఉంది. మొన్న చెల్లికి గుండె ఆపరేషన్ అయింది. ఆసుపత్రి వరండాలో మా వాళ్ళంతా ఫోన్లు పట్టుకుని, ఇది తాగించండి, అది రాయండి అని ఎవరెవరో పంపినవన్నీ ఒకరికొకరు చదివి వినిపిస్తున్నారు. మా అమ్మాయి ఏవో కషాయాలు ఫ్లాస్కులో పోసుకుని వచ్చింది. పరుగెత్తుకెళ్ళి ఏదో ఒకటి చెయ్యాలని నాకూ చేతులు పీకుతూనే ఉన్నాయి, ఈ వయసులోనూ తగ్గలేదు ఆ రోగం. నేను సంచీలోంచి నా మంచినీళ్ళ సీసా తీసి, మా అమ్మాయి చేతిలో ఫ్లాస్కు లాక్కుని, ఆ సీసా పెట్టాను. డాక్టరు సరేనన్నాక పిన్ని అడిగితే ఒక్క గుక్క పట్టు, అప్పటిదాకా ఇది రెండు చేతులతో పట్టుకుని కూర్చోమన్నాను. ఇదేం మందమ్మా అని అడిగింది. చాలా గట్టి మందని చెప్పి, నేనూ దాని పక్కనే కూర్చున్నాను.