కాళమ్మ బండకు వాకిలి

కృష్ణగిరి నుంచి హోసూరుకు పోయే రోడ్డు పక్కన, గుట్ట మీద ఏనుగంత బండ ఒకటి ముందుకు వంగి ఉంటుంది. దాని కిందనే కాళమ్మ కాపురం. ఇద్దరు బిడ్డల్ని అక్కడే కన్నది. మొగుడు అంకప్పతో సమానంగా సుత్తి పట్టి రాళ్ళు కొట్టేది. కింద ఊళ్ళో ఏ గోడ చూసినా, ఏ ఇంటి మీద పరిచిన బండ చూసినా వాళ్ళ చేతి పనే. వాళ్ళకు మాత్రం గోడ లేదు. ముందర ఈతాకుల తడిక ఒకటి ఆనించుకునేవాళ్ళు, అంతే. రాతిపనివాడు తనకోసం గోడ లేపుకుంటే పని మొగం చాటేస్తుందని అంకప్ప తాతల కాలం నుంచీ నమ్మకం. పని ఉన్నచోట దిగడం, అయిపోతే లేవడం, అదీ వాళ్ళ బతుకు.

1960లో ఆ గుట్టను ఒక కంట్రాక్టరు వేలంపాటలో పాడుకున్నాడు. మందు పెట్టి పేల్చి కంకర తీస్తాడట. దాపున ఇండ్లు ఉంటే మందు పెట్టకూడదు. అక్కడ ఇండ్లేమీ లేవని ఊరి పెద్ద గోపాలప్ప చెప్పేశాడు. కంట్రాక్టరు మేస్త్రి వచ్చి, సరిగ్గా కాళమ్మ పొయ్యికి ఎదురుగా పేల్చే హద్దుకు గుర్తుగా గుంజ పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి పోయాడు.

అంకప్ప మూట కట్టడానికి సిద్ధమయ్యాడు. కాళమ్మ కాలేదు. బిడ్డలు పుట్టిన చోటు వదిలి కదిలేది లేదని తేల్చి చెప్పింది.

ఆ వారంలోనే జనాభా లెక్కలకు ముందు చేసే ఇండ్ల లెక్క ఊళ్ళోకి వచ్చింది. బడి అయివారు కేశవప్ప తారు డబ్బా, కుంచె పట్టుకొని, గోపాలప్పను వెంటబెట్టుకొని తిరుగుతున్నాడు. ఇల్లయితే ఇల్లని, అంగడయితే అంగడని, రెండూ ఒకటే అయితే ఆ సంగతీ, గోడ దేనితో కట్టారో, పైన ఏం కప్పారో అన్నీ రాసుకుంటున్నాడు. వాకిలి పక్కన తారుతో నంబరు వేస్తున్నాడు. గోపాలప్ప పశువుల కొట్టానికి కూడా నంబరు పడింది. ఆ సంగతి చెవిన పడగానే కాళమ్మ సుత్తి కింద పారేసి దిగివచ్చి, దారికి అడ్డం నిలబడింది. తన ఇంటికీ వేయమంది.

గోపాలప్ప నవ్వాడు. “అది ఇల్లా కాళమ్మా? నక్క బొరియ. దానికి నంబరేస్తే రేపు నక్కలు కూడా వచ్చి అడుగుతాయి.”

“నీ ఎద్దులు వచ్చి అడిగినాయా గోపాలప్పా, వాటికి వేసినారే.”

కేశవప్ప నవ్వు ఆపుకున్నాడు. చెడ్డ మనిషి కాదు, కానీ రూలు దాటడు. గుట్ట ఎక్కి, వంగి, బండ కిందంతా చూశాడు.

“వెనకా రాయే, పైనా రాయే. కానీ ఇది ఎవరూ కట్టింది కాదమ్మా. మనిషి కట్టింది ఉండాల, దానికంటూ ఒక వాకిలి ఉండాల. అప్పుడే ఇల్లని రాసేది.”

“కడితే రాస్తావా అయివారా?”

“కడితే రాయక ఏం చేస్తాను. శుక్రవారం దాకా ఈ ఊర్లోనే ఉంటాను.”

అయివారు గుట్ట దిగకముందే కాళమ్మ తడిక పీకేసింది. అడ్డదిడ్డంగా పడి ఉన్న రాళ్ళు ఎత్తుకొచ్చి గోడ పేర్చడం మొదలుపెట్టింది. అంకప్ప వీపు తిప్పుకొని బీడీ ముట్టించాడు. పని పోతే తనను అడగొద్దన్నాడు. మూలలు విరిగాయని గోపాలప్ప తన కొట్టానికి వద్దన్న నిలువు బండలు రెండు గుట్ట వాలులో పడి ఉంటే, కాళమ్మ పలుగు పెట్టి దొర్లించుకుంటూ వచ్చింది. చేతులు ఒరుసుకుపోయాయి. ఎట్లాగో ఒకటి నిలబెట్టింది. అది ఓరగా నిలిచింది.

అంకప్ప చూసి చూసి ఉండబట్టలేకపోయాడు. ఇంకొకడి పని అయినా సరే, ఓరగా ఉన్న రాయి కంట పడితే అతనికి అన్నం దిగదు.

“అట్లనా రాయి నిలిపేది? పడితే బిడ్డల మీద పడుతుంది. జరుగు.”

కావాలనే ఓరగా పెట్టిందా, బరువుకు అట్లా నిలిచిందా అన్నది కాళమ్మ ఎవరికీ చెప్పలేదు. పక్కకు జరిగింది. అంతే. అంకప్ప దారానికి తూకం గుండు వేలాడదీసి రాయిని సరిచేశాడు, రెండోది నిలిపాడు, పైన అడ్డబండ ఎత్తాడు. ఇద్దరూ కలిసి గోడను పై బండ దాకా లేపి సందుల్లో మట్టి మెత్తారు. విరిగిన మూలలు పోగా బండలు పొట్టివయ్యాయి, వాకిలి కురచగా వచ్చింది.

శుక్రవారం కేశవప్ప వచ్చాడు. చేత్తో తట్టి చూశాడు. గోడ రాయి, కప్పు రాయి, వాడుక కాపురం అని రాసుకొని, కుంచె తారులో ముంచి నలభై ఏడు అని వేశాడు. నమ్మలేక వచ్చిన గోపాలప్ప లోపల ఏముందో చూద్దామని తల వంచాడు. చాల్లేదు. నడుం వంచాడు. కింద నిలబడిన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నంబరు పడిన సంగతి కేశవప్ప కాగితాలతో పాటు పై ఆఫీసుకు పోయింది. నెల తిరక్కముందే మేస్త్రి మళ్ళీ గుట్ట ఎక్కాడు. హద్దు అవతలి వాలుకు మార్చమన్నారట. వాకిలి ముందు నిలబడి తారు నంబరు చదువుకున్నాడు.

“చెప్పులు ఆడ ఇడిసి లోపలికి రాప్పా,” అంది కాళమ్మ. “అంబలి తాగి, ఆ గుంజ పీక్కొని పో.”

మేస్త్రి చెప్పులు విడిచాడు. వంగి లోపలికి వచ్చాడు. అంబలి తాగాడు. గుంజ పీకాడు.