మాధురి వీసా ఆగింది సూరమ్మ వల్ల కాదు

ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, నిజమే చెప్పి, ఒక మనిషి బతుకు పాడుచెయ్యవచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. నేను చేశాను.

ఆరేడేళ్లుగా మోస్తున్నాను. పగలు బడి పనిలో తెలియదు. మధ్యాహ్నం నడుం వాల్చి, కళ్లు మూతపడుతున్న వేళ, ఎవరో వచ్చి గుండెల మీద తడిగుడ్డ పరిచినట్టుంటుంది. అది ఎండదు. మనస్సాక్షి అంటే లోపల కూర్చున్న దేవుడేమీ కాదని, సమాజం నేర్పిన అలవాటేనని మా తెలుగువాళ్ల సభలో ఒకసారి గంటసేపు మాట్లాడాను. అలవాటే అయితే ఇన్నేళ్లలో పోవాలి కదా? ఎందుకు పోలేదు?

శకునాలకీ, దిష్టికీ, వర్జ్యాలకీ వ్యతిరేకంగా నేను రాసినన్ని వ్యాసాలు జంషెడ్‌పూర్‌లో ఇంకెవరూ రాసి ఉండరు. గొప్పకి చెప్పడం లేదు. నేరం ఎంతటిదో తెలియాలంటే నేరం చేసిందెవరో కూడా తెలియాలి.

బారిడీహ్‌లో మా పక్క క్వార్టరు మాధురి వాళ్లది. నా దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుంది. పెద్దయ్యాక నేను పనిచేసే బడిలోనే ఇంగ్లీషు టీచరుగా చేరింది. స్టాఫ్‌రూములో పక్క కుర్చీలో కూర్చుని కూడా నన్ను మిస్ అనే పిలిచేది. వియత్నాంలో సముద్రం పక్కనున్న ఒక ఊళ్లో పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాలున్నాయని ఫోన్‌లో చూసి ముందు నాకే చూపించింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇద్దరితోనూ వీడియోలో మాట్లాడారు. ఆ పిల్లని తీసుకున్నారు. నన్ను మర్యాదగా వద్దన్నారు. వయసు అని రాయలేదు. కొన్ని రాయకపోయినా చదువుకోగలం.

నాకేమీ బాధ లేదని అందరికీ చెప్పాను. అడగనివాళ్లకి కూడా చెప్పాను.

వీసా కాగితాలు సిద్ధం చెయ్యడం నా మంచం మీదే జరిగింది. డిగ్రీ సర్టిఫికెట్ మీద మొదట రాంచీలో ముద్ర పడాలి, తర్వాత ఢిల్లీలో, ఆ తర్వాత వాళ్ల రాయబార కార్యాలయంలో. వెనక తెల్లగా ఉన్న ఫోటోలు కావాలి. డాక్టరు పరీక్ష కావాలి. బడి నుంచి అనుభవ పత్రం కావాలి. అన్నిటికంటే చివర, ఈ మనిషి మీద కేసుల్లేవని, ఇచ్చిన చిరునామాలోనే ఉంటోందని పోలీసుల సర్టిఫికెట్. సెలవు మధ్యాహ్నాల్లో అవన్నీ పరుచుకుని కూర్చునేవాళ్లం. ఫ్యాను గాలికి కాగితాలు కొంచెం లేచి, మళ్లీ పడుకునేవి. కిటికీ చువ్వల మీద కార్ఖానా దుమ్ము ఎర్రగా మెత్తగా ఉండేది. ఎండ దాని మీదుగా వచ్చి గదిలో గులాబీ రంగుకి తిరిగేది. మాధురి ఆ ఊరి గురించి చెప్పేది. పొద్దున్నే బజారు మొత్తం పడవల మీదే ఉంటుందట. వాన వస్తే అందరూ రంగురంగుల తొడుగులు వేసుకుని స్కూటర్ల మీద వెళతారట. నేను ఫోటోల వెనక పేరు రాస్తూ వినేదాన్ని. వింటూ వింటూ ఆ ఊళ్లోకి వెళ్లిపోయేదాన్ని. బోర్డు ముందు నేనే నిలబడేదాన్ని. నోరు తిరగని పేర్లున్న పిల్లలు నాకే హాజరు పలికేవాళ్లు. కిటికీ అవతల సముద్రం ఊగేది. ఎంత హాయిగా ఉండేదో. ఆ క్లాసులో, ఆ వీధుల్లో, ఆ పడవల దగ్గర, ఎక్కడా మాధురి ఉండేది కాదు. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

పోలీసు సర్టిఫికెట్టుకి దరఖాస్తు పెట్టడానికి ఆ పిల్ల రాంచీ వెళ్లాలి. ముందురోజు సాయంత్రం వాళ్లమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. మంచి పని మీద బయల్దేరేవాళ్లకి ముత్తయిదువ ఒకామె నీళ్లచెంబుతో ఎదురు రావడం మావాళ్లలో ఉంది. ఎవరు రావాలో ముందే మాట్లాడుకుంటారు.

"వదినా, రేపు పొద్దున్న ఓ సెంబట్టుకుని ఎదురొచ్చెయ్. నీది మంచెదురంతారు అందరూ."

నేను రానన్నాను. ఎందుకు రానో కూడా చెప్పాను, వివరంగా.

"సరేలే. నీ లెచ్చరు ఇని ఇని మా కోళ్లు గుడ్లెట్టడం మానేసినాయి," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

తెల్లవారి వాళ్లు గుమ్మం దిగేసరికి సూరమ్మ పిన్ని ఎదురొచ్చింది. భర్త పోయి చాలాకాలమైన మనిషి. షిఫ్టు బస్సులు ఆగే మలుపులో బల్ల వేసుకుని ఇడ్లీలు అమ్మేది. ఆ పొద్దున ఇడ్లీ గిన్నె నెత్తిన పెట్టుకుని తన పని మీద తను వెళుతోంది. మాధురి వాళ్లమ్మ పిల్లని లోపలికి లాగి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ బయల్దేరదీసింది. రైలు పోతుందని మాధురి హిందీలో విసుక్కుంది. సూరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది, వాళ్లు దాటేదాకా. నేను కిటికీలోంచి చూస్తూ, దీని మీద ఒక వ్యాసం రాయాలి అనుకున్నాను.

కొన్నాళ్ల తర్వాత, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, విచారణకి పోలీసాయన వచ్చాడు. మాధురి వాళ్ల క్వార్టరుకి తాళం వేసి ఉంది. వాళ్లంతా టెల్కో కాలనీలో ఒక పేరంటానికి వెళ్లారు. ఆయన మా తలుపు కొట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాధురి అన్నకి పెళ్లయి వాళ్ల ఇల్లు ఇరుకైంది. అందుకని ఆ కొద్ది నెలలూ ఆ పిల్ల నది అవతల మాంగో అనే పేటలో గది తీసుకుని ఉండేది. సాయంత్రాలు అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో కూడా చెప్పేది. ఆదివారం వచ్చేది. ఆమె మంచం, పుస్తకాలు, రేషన్ కార్డులో పేరు, అన్నీ ఇక్కడే. ఆ పిల్ల ఇల్లు ఏదని మా సందులో ఎవర్ని అడిగినా ఇదే చూపిస్తారు. అదీ నిజమే.

ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా అని హిందీలో అడిగాడు.

లేదు, మాంగోలో ఉంటోంది, అన్నాను.

పక్కానా అన్నాడు. నేను అబద్ధమాడనని మా సందులో ఎవర్నయినా అడగండి అన్నాను. ఆయన తల ఊపి, ఏదో రాసుకుని, తడి రోడ్డు మీద బండి మెల్లగా నడుపుకుంటూ వెళ్లిపోయాడు. నేను టీ పెట్టుకున్నాను. వాన నీళ్లు చూరు నుంచి ఇంకా కారుతున్నాయి. లోకం అంతా కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా ఉంది. అప్పుడు నాలో ఉన్నదేమిటి? సంతోషమా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నానో. సంతోషం కాదు. ఒక ప్రశాంతత. అది సంతోషం కంటే నీచమైనది. పోలీసాయన ఒక్క మాటే అడిగాడు, నేను ఒక్క మాటే చెప్పాను, ఆ మాట ఏ కోర్టులోనైనా నిలుస్తుంది. అయినా ఆ మాట నా నోట్లోకి వచ్చింది సత్యం మీద ప్రేమతో కాదు. ఆ సముద్రం నాకు రాలేదు గనక.

ఇచ్చిన చిరునామాలో ఉండటం లేదని రిపోర్టు వెళ్లింది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ విచారణ. అంతకాలం వియత్నాం బడివాళ్లు ఆగలేమన్నారు. ఇంకెవర్నో తీసుకున్నారు. మాధురి నా మంచం మీదే కూర్చుని ఏడ్చింది. నేను వీపు నిమిరాను. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను.

తాళం చూసి పోలీసాయన అలా రాసేశాడని వాళ్లనుకున్నారు. మా తలుపు కొట్టాడని ఎవరికీ తెలియదు. మరి అందరూ పేరంటానికి వెళ్లిన పూటే పోలీసాయన ఎందుకొచ్చాడు? దానికి మా సందులో జవాబు సిద్ధంగా ఉంది. సూరమ్మ ఎదురు. మాధురి వాళ్లమ్మ కొళాయి దగ్గర అన్నది, విన్నవాళ్లు ఇంట్లో అన్నారు. ఇళ్లలోంచి ఆ మాట షిఫ్టు బస్సెక్కింది. ఆ బస్సెక్కేవాళ్లు క్రేన్ల కింద, కొలుముల పక్కన పనిచేసేవాళ్లు. పొద్దున్న డ్యూటీకి పోతూ మొట్టమొదట ఆ మొహం చూడటానికి భయపడ్డారు. బస్సు ఇవతలి స్టాపులో ఎక్కడం మొదలుపెట్టారు. ఇడ్లీలు మిగిలిపోయేవి. కొన్నాళ్లకి ఆ మలుపులో బల్ల లేదు.

నేనేం చేశాను? ఇరవయ్యేళ్లు దేని మీద యుద్ధం చేశానో అది నా కళ్లెదురుగా ఒక ముసలిదాన్ని తింటోంది. నోరు తెరిస్తే చాలు. కాని ఆ శకునం అబద్ధమని రుజువు చెయ్యాలంటే అసలు కారణం చెప్పాలి. అసలు కారణం నేను. మూఢనమ్మకం నాకు గొడుగు పట్టింది. నేను దాని కింద నిలబడ్డాను, తడవకుండా.

ఒక సాయంత్రం సూరమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఓ మాట అడుగుతాను, నిజం సెప్పు. నా మొకం అలాటిదేనా?"

"ఛ. అదేం మాట పిన్నీ. అదంతా మూఢనమ్మకం. మనిషి ఎదురొస్తే పనులు చెడవు."

"మా ఆయన పోయిన కాడ్నించీ సూత్తన్నాను. నానెదురైతే ఆళ్లే ఆగిపోతారు. నానెప్పుడూ పట్టించుకోనేదు. ఇడ్లీలు తినీటప్పుడు మరి నా మొకం అడ్డురానేదు కదా అని నవ్వుకునీదాన్ని." గుమ్మం చెక్క పట్టుకుంది. "మరి ఆ పిల్ల పనెందుకు పోయింది?"

"ఏవో ఆఫీసు కారణాలుంటాయి."

"ఏటి, ఆ కారణం?"

నేను మాట్లాడలేదు.

"నీకూ తెలీదన్నమాట," అంది. "నీకే తెలీకపోతే మరదే అయ్యుంటాది."

అలా అని నమ్మి వెళ్లిపోయింది. తన జీవితంలో మొదటిసారి నమ్మింది. లోకమంతా అన్నప్పుడు నమ్మనిదాన్ని, నా మౌనం చూసి నమ్మింది. నేను ఆమెకి చెప్పిన ప్రతి మాటా నిజమే. మనిషి ఎదురొస్తే పనులు చెడవు. నిజమే. ఆఫీసు కారణం. అదీ నిజమే.

మాధురి ఇప్పటికీ మాంగో కోచింగ్ సెంటర్లోనే చెబుతోంది. మళ్లీ ఎక్కడికీ దరఖాస్తు పెట్టలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. సూరమ్మ ఉంది. ఎవరింట్లోనైనా శుభకార్యం ఉందంటే, ఎవరైనా ఊరికి బయల్దేరుతున్నారంటే, పనిమాలా తలుపు వేసుకుని కూర్చుంటుంది. ఎవరూ వెయ్యమనరు. తనే వేసుకుంటుంది. నా కలల్లో ఆ తలుపు వెనక నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అలల్లా ఉంటుంది. నేను తట్టను. కలలో కూడా తట్టను.

ఇది రాస్తే తేలిక అవుతుందా? అవుతోంది. సిగ్గుపడుతూ చెబుతున్నాను, అవుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? పోయింది మీ ఇడ్లీ బల్ల కాదు.

ఇంకొక పిరికితనం కూడా ఒప్పుకోవాలి. దీన్ని తెలుగులో ఎందుకు రాస్తున్నానో తెలుసా? సూరమ్మకి చదువు రాదు. మాధురికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మా సందులో ఈ అక్షరాలు చదివే ఇళ్లు ఒకటో రెండో. నిజాన్ని బయటపెడుతున్నాననుకుంటూ, దాన్ని అందవలసినవాళ్లకి అందని చోట పెడుతున్నాను. ఇది తెలిసి కూడా నా కాళ్లు సూరమ్మ గుమ్మం దాకా వెళ్లడం లేదు.

మీకు చదవడం వచ్చు. ఇక్కడిదాకా చదివారు. బారిడీహ్ రండి. ఇడ్లీల సూరమ్మ ఇల్లెక్కడని అడగండి, చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. మాధురి వాళ్లమ్మని కూడా పిలవండి. కొళాయి దగ్గర జనం ఉన్న వేళ చూసుకుని, అందరికీ వినపడేలా, మొదటి మాట నుంచి చివరిదాకా గట్టిగా చదవండి. రాసిందెవరని అడుగుతారు. మాధురి వాళ్ల పక్క క్వార్టరు చూపించండి.