హ్యాండిల్‌కు కట్టిన ఎర్ర పేలిక

మా గల్లీలోనే ఉండే పాత జాబర్‌ను చూసి నేను కుళ్లుకున్నాను. డెబ్బై దాటిన వయసులో ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఇద్దరం నిజాంపురాలో ఒకే బట్టల కార్ఖానాలో పనిచేశాం. మరమగ్గాలు, మేమనే సాంచాలు, బాగుచేయడం అతని పని. నేను మున్షీని. పగటి పాళీ దిగేటప్పుడు ఏ సాంచా ఎందుకు ఆగిందో, రాత్రి పాళీవాళ్లు ఏం చేయాలో నోటుబుక్కులో రాసిపెట్టేవాణ్ని. ఇంటికి వచ్చాక సొంత డైరీ ఉండనే ఉంది. అతనికి సంతకం తప్ప రాయడం రాదు. మా ఇద్దరికీ అంతే తేడా అనుకుంటూ బతికాను.

మా కోడలు ఇంట్లో కూర్చునే ఒక కార్ఖానాకు కంప్యూటర్ పని చేస్తుంది. ఈమధ్య ఆ కార్ఖానా యజమాని షేట్ కోసం ఏఐ ఏజెంటు ఒకటి తయారుచేస్తోంది. సాంచా నడిపేవాళ్లు ఫోన్‌లో తెలుగులో మెసేజీ పెడితే, అది చదివి ఎవరిని పిలవాలో తానే నిర్ణయిస్తుంది. జాబర్‌ను పిలవడం, పడుగు నూలు చుట్టిన కొత్త బీముకు పోగులు అతికేవాణ్ని పిలవడం, కాల్హేర్ గోదాములో నూలు ఉందో లేదో చూడడం, ఇలా దాని చేతికిచ్చిన ఒక్కో పనిని టూల్ అంటారట. ఏ టూల్ దేనికో మనం రాసిపెట్టిన నాలుగు మాటలే దానికి ఆధారం. సాంచా దాని కంటికి కనపడదు. కోడలు మరాఠీలో చదువుకున్న పిల్ల, తెలుగు రాయడం కష్టం. అందుకని ఆ మాటలు నన్ను రాసిమ్మంది.

నాలుగు రోజులు కూర్చుని చిత్తు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిచ్చాను. జాబర్ టూల్‌కు 'సాంచాకు సంబంధించిన అంతరాయాల నివారణకై నిపుణుని సంప్రదించు సదుపాయం' అని రాశాను. పోగులు అతికేవాడి టూల్‌కు కూడా అదే వాక్యం, 'సాంచా' ఉన్నచోట 'పోగులు' అని. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

మొదటిరోజే ఒకతను పోగులు మాటిమాటికీ తెగుతున్నాయని మెసేజీ పెట్టాడు. ఏజెంటు అతికేవాణ్ని పిలిచింది. అతను సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, కొత్త బీమే లేదని చూసి, తిట్టుకుంటూ పోయాడు. ఆ పనికి కావలసింది జాబర్.

తర్వాతి ఆదివారం నేను బజారు నుంచి వచ్చేసరికి జాబర్ మా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో అల్లం చాయ్. అల్లం దంచే తీరిక లేదని పొద్దున నాకు ఉత్త చాయే ఇచ్చింది కోడలు. అతను చెబుతున్నాడు, తను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తోంది.

"ఒక్క పోగు తెగితే ఎవ్వర్ని పిలువకు బిడ్డా, నడిపేటోడే అతుక్కుంటడు. ఒక్క కాడనే మళ్ల మళ్ల తెగుతుంటే జాబర్‌ను పిలు. బీము ఒడిసి కొత్తది ఎక్కిస్తేనే అతికేటోన్ని పిలు."

కోడలు అవే మాటలు పెట్టింది. పాత మెసేజీలన్నీ మళ్లీ వేసి చూసింది. ఒక్కటీ తప్పలేదు. నా వైపు తిరిగి మెల్లగా అంది, "నువ్వు రాసింది మంచిగుంది మామా. గని రెండిట్ల ఏది తీస్కోవాల్నో దానికి ఎరుకైతలేదు. ఎప్పుడు పిలువద్దో జాబర్ కాక చెప్పిండు."

"మున్షీ బావ రాత దాసుకునే రాత బిడ్డా," అన్నాడు జాబర్, చాయ్ ఊదుకుంటూ.

నేను నవ్వాననే అనుకుంటాను. మిగిలిన టూల్స్ కూడా అతన్నే అడుగుతానంది కోడలు. రాయడం రాని మనిషికి నా రాత పని పోయింది. రెండు రోజులు అతనితో కలిసి వరాలా తలావ్ వైపు వాహ్యాళికి పోలేదు. మోకాలు నొప్పి అని కబురు పెట్టాను.

ఆ రెండు రోజులూ పాత డైరీలు తిరగేశాను, అతని తప్పొకటి దొరక్కపోతుందా అని. దొరికింది నాదే. కార్ఖానాలో, నడపకూడని సాంచా హ్యాండిల్‌కు జాబర్ ఎర్ర పేలిక కట్టేవాడు. చేయి పెట్టినవాడికి ముందు అదే తగిలేది. అతను సెలవు పెట్టిన ఒకరోజు, ఒక సాంచా నడపవద్దని నేను నోటుబుక్కులో అరపేజీ రాశాను. రాత్రి పాళీవాడు దాన్ని నడిపాడు, బట్ట తాను మొత్తం పాడైంది. 'రాసిపెట్టినా చదవని మొద్దు' అని ఆరోజు డైరీలో ఉంది. నోటుబుక్కు నా బల్ల సొరుగులో ఉండేదని మాత్రం ఎక్కడా లేదు.

మూడోరోజు కోడలి దగ్గరికి పోయి, ఒక్క టూల్ నాకు వదలమన్నాను. షేట్‌కు ఫోన్ చేసేది మిగిలింది. సాయంత్రం తలావ్ గట్టు మీద జాబర్‌కు చదివి వినిపించాను: 'మనిషికి దెబ్బ తగిలినా, నిప్పు అంటుకున్నా షేట్‌కు ఫోన్ చేయి. సాంచా ఆగినందుకు చేయకు.'

అతను విని అడిగాడు.

"కరెంటు పోతే?"

"చేయొద్దు."

"గదీ రాయి మరి. ఇగ ఫోన్ చేయకుండ ఆగుతది."

రాశాను. అది ఇప్పటికీ అలాగే ఉంది, కోడలు మార్చలేదు. ఆరోజు డైరీలో మాత్రం 'తలావ్ దగ్గర గాలి బాగుంది, రెండు చుట్లు నడిచాం' అని ఉంది. అతను దిద్దిన సంగతి రాయడానికి నాకు చేయి రాలేదు.