హార్డ్ డిస్క్‌లో ఫిరోజ్ భాగం

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఫర్హీన్‌కు జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది. పెట్టింది భర్త ఫిరోజ్. నాలుగేళ్ల కిందట అతను దమ్మామ్ వెళ్లాక ఆమే నడుపుతోంది. పోయేముందు అతను ఒక్క కంప్యూటర్లోనే హార్డ్ డిస్కును భాగాలు చేసి విండోస్, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వేసి ఇచ్చాడు. స్విచ్ వేయగానే ఏది కావాలో అడుగుతూ తెరమీద ఒక పట్టిక వచ్చేది. తెలుగు పనంతా ఫర్హీన్ లినక్స్‌లోనే చేసేది. ఫిరోజ్ పక్కన కూర్చుని నేర్పింది అందులోనే.

సకల జనుల సమ్మె మొదలై పదిహేను రోజులైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, గిరాకీ అసలే లేదు. ఊరికే కూర్చోలేక, వైరస్ పట్టిన విండోస్‌ను తీసి కొత్తగా వేసుకుంది. మళ్లీ ఆన్ చేస్తే పట్టిక రాలేదు. నేరుగా విండోసే తెరుచుకుంది. లినక్స్ జాడ లేదు.

దమ్మామ్‌కు ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తాడు. అంతా విని, లినక్స్ ఉన్న భాగం తుడిచేయమన్నాడు ఉర్దూలో. నేనొచ్చి వాడేదుందా అని కూడా అన్నాడు. అతని వెనక ఎవరో నవ్వుతున్నారు. లైను తెగిపోయింది. ఫర్హీన్ ఏదీ తుడవకుండానే షాపు మూసింది.

మర్నాడు పొద్దున్నే సత్యవతి టీచర్ వచ్చింది. ఆమె సమ్మె కరపత్రం కూడా లినక్స్‌లోనే చిక్కుకుంది.

"నాలుగొందలు కావాలె బిడ్డా. కథలాపూర్‌ల, రుద్రంగిల పంచాలె. మల్ల టైపు చేస్తవా?"

"వద్దు టీచర్. లోపల్నే ఉన్నది, తీస్త. పగటీలికి రాండ్రి."

టీచర్ దీక్షల టెంటుకు పోయింది. ఫర్హీన్ డ్రాయర్లోంచి పాత లినక్స్ సీడీ తీసి, దాంతో కంప్యూటర్ నడిపించింది. లినక్స్ ఉన్న ఫిరోజ్ భాగం తెరిస్తే ఒక్క ఫైలూ పోలేదు. పట్టికను చూపే గ్రబ్ అనే ప్రోగ్రాం మాత్రం పోయింది. దాని చోట విండోస్ తనది రాసుకుంది. గ్రబ్‌ను మళ్లీ రాయించి, సీడీ తీసి ఆన్ చేసింది. మళ్లీ విండోసే. ఇంతలో కరెంటు పోయింది. కాసేపు కూతపెట్టి యూపీఎస్ కూడా ఆరిపోయింది.

రెండు గంటలు ఉక్కపోతలో కూర్చుంది. రోడ్డుమీద జై తెలంగాణ నినాదాలు దగ్గరకొచ్చి దూరమయ్యాయి. అడగడానికి ఎవరూ లేరు. తను కొట్టిన కమాండ్‌ను ఒక్కో అక్షరమూ కాగితం మీద రాసుకుని చూస్తే తప్పు తెలిసింది. గ్రబ్ ఉండాల్సింది డిస్కు మొదట్లో. తను లినక్స్ ఉన్న ఐదో భాగంలో రాయించింది. కరెంటు రాగానే సీడీ మళ్లీ పెట్టి, చివరి ఐదు అంకె తీసేసి కొట్టింది. పట్టిక వచ్చింది, లినక్స్ పైన, విండోస్ కింద.

"వచ్చింది," అంది పైకే. షాపులో ఆమె తప్ప ఎవరూ లేరు.

మధ్యాహ్నం వచ్చి కరపత్రాలు అందుకుంటూ టీచర్ అడిగింది. "మీ ఆయన చెప్పిండా ఫోన్ల?"

"లేదు టీచర్. నేనే చేసిన."

"మంచిగ చేసినవ్ బిడ్డా," అంటూనే టీచర్ బయట ఆగిన జీపు ఎక్కేసింది.

శుక్రవారం ఫిరోజ్ ఫోన్ చేశాడు. తుడిచేశావా అని అడిగాడు. తుడిచేశానంది ఫర్హీన్. మంచిదన్నాడు. ఫోన్ పెట్టేసి ఫర్హీన్ కంప్యూటర్ ఆన్ చేసి, పట్టికలో పైనున్న లినక్స్‌నే ఎంచుకుంది.