“ఆసక్తి లేదు” అని రాసి పంపిన బడికి మళ్లీ వెళ్లాను

ఈ ప్రయాణం సరదా కోసం చేసింది కాదు. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ లైన్‌లో పని చేస్తాను. లైన్ ఆగిపోతే పదో తరగతి పాసైన వాళ్లు కూడా “రజితను పిలువు” అంటారు. అదే లైన్‌కు సూపర్‌వైజర్ కావాలని మొన్న నోటీసు అంటించారు. కింద “పదో తరగతి తప్పనిసరి” అని ఉంది. నేను ఎనిమిదితో ఆగిన మనిషిని. మేనేజర్‌ను నిలదీస్తే, ఓపెన్ టెన్త్‌లో చేరిన రసీదు చూపిస్తే నా పేరు కూడా చూస్తామన్నాడు. చేరడానికి వెళితే, చివరగా చదివిన బడి నుంచి, ఎప్పుడు చేరి ఎందుకు మానేశానో చెప్పే రికార్డు షీటు తెమ్మన్నారు. శనివారంతో గడువు ముగుస్తుంది. గురువారం సెలవు పెట్టి సిద్దిపేట బయల్దేరాను. నాలాగే సగంలో ఆగి, ఇప్పుడు కాగితం కోసం తిరగాల్సిన వాళ్లుంటే ఈ దారి పనికొస్తుందని రాస్తున్నాను.

జేబీఎస్ బస్టాండ్‌లో ఆరూ నలభైకి ఎక్స్‌ప్రెస్ బస్సు దొరికింది. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ మీదుగా రెండున్నర గంటలు. మగవాళ్లకు నూట యాభై పైనే అవుతుంది, ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే ఉచితం. కండక్టరమ్మ నా కార్డు తిప్పి తిప్పి చూసి, “గీ ఫొటో నీదేనా?” అంది. “నాదే. గప్పుడు తిండి సరిగ లేకుండె” అన్నాను. “ఇప్పుడు కోపం మస్తుగున్నట్టుంది” అని నవ్వి జీరో టికెట్ చింపిచ్చింది. ప్రజ్ఞాపూర్ దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. రోడ్డు బాగుంది, నిద్రపోవచ్చు. నాకు మాత్రం నిద్ర రాలేదు.

సిద్దిపేట బస్టాండ్ బయట బండి మీద ఇడ్లీ, వడ కలిపి ముప్పై రూపాయలు. పల్లీ చట్నీ బాగుంటుంది, రెండోసారి అడిగినా విసుక్కోరు. బడి ఊరి శివారులో, చంద్లాపూర్ వైపు పోయే దారిలో ఉంది. పట్నం అయిపోయి పొలాలు మొదలు కాకముందు వస్తుంది. షేర్ ఆటోకు ఇరవై. నేనెక్కిన ఆటోలో ఇంకెవరూ లేరు.

“బడి కాడికా అక్కా? కొత్త టీచరమ్మవా?” అన్నాడు డ్రైవరు.

“కాదు. గక్కడ చదివిన. ఎనిమిది దాక.”

అద్దంలో నన్నే చూశాడు. “రాజవ్వ బిడ్డవు గదా నువ్వు? మగ్గాలకు నూలు కండెలు చుట్టే రాజవ్వ?”

అప్పుడు గుర్తుపట్టాను. బెంచీ మీద పేరు చెక్కి దెబ్బలు తిన్న నరేశ్. నా క్లాసే. మేం ఊరు విడిచి వెళ్లిపోయిన ఏడే అతనూ బడి మానేశాడట. పని అయ్యాక ఫోన్ చేయమని, రంగనాయక సాగర్ రిజర్వాయర్ కట్ట దాకా తిప్పి బస్టాండ్‌లో దింపుతానని, రెండు వందలవుతుందని చెప్పాడు. “క్లాస్‌మేట్ కాబట్టి యాభై తక్కువ జెప్పిన” అని కూడా అన్నాడు. తర్వాత విచారించాను, తగ్గించిందేమీ లేదు.

బడి ఇప్పుడు పెద్దదైంది. ముందు వరుస రెండంతస్తులు, గోడల మీద రంగుల బొమ్మలు, గేటు పక్కన ఇంగ్లిష్ మీడియం అని బోర్డు. మేం చదివిన రెండు పెంకుటి గదులు వెనక మిగిలాయి. ఒకటి వంటగది, ఇంకోటి విరిగిన బెంచీల కొట్టు. చదివే పిల్లలు కూడా మారారు. మా కాలంలో సగం మంది మగ్గం ఇళ్ల పిల్లలు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్ పాస్ మీద వచ్చేవాళ్లు, కొత్త బిల్డింగుల దగ్గర పనికొచ్చిన వేరే రాష్ట్రాల మేస్త్రీల పిల్లలు ఎక్కువ. ప్రార్థన జరుగుతుంటే గేటు ముందు నుంచి ప్రైవేటు స్కూళ్ల పసుపు బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతాయి. ఆ బస్సు ఫీజు కట్టగలిగితే ఇక్కడికి ఎవరూ రారన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు మండుతుంది. హెడ్ మేడం రావడానికి ఇంకా టైముందంటే వెనక్కి నడిచాను.

వంటగదిలో ఎల్లవ్వ ఉంది. మా అవ్వ రాజవ్వ ఈడుది, మేం చదివినప్పటి నుంచీ ఇక్కడే పిల్లలకు వండుతోంది. నన్ను చూసి ముందున్న కత్తిపీట పక్కకు జరిపి, “గింత పెద్దగైనవా బిడ్డా” అంది. ఉల్లిగడ్డలు ఒలుస్తూ ఆ గదుల కథ చెప్పింది. మొదట ఇక్కడ ఐదో తరగతి దాకే ఉండేది. పై క్లాసులు కావాలంటే గదులు చూపించమన్నారు. అప్పుడు మగ్గం ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. వారానికి ఒక రోజు ఒక్కో ఇంటి మగ్గం ఆగాలి. ఆ రోజు ఆ ఇంటి మనిషి ఇక్కడ రాళ్లు మోయాలి.

“మా మామ మోసిండు, మీ తాత మోసిండు. మగ్గం ఆగిన నాడు కూలి లేదు. గా రోజు అంబలే.”

“మరి ముందట ప్రారంభోత్సవం రాయి మీద వాళ్ల పేర్లు లేవేంది పెద్దమ్మా?”

“కత్తెర పట్టినోళ్ల పేర్లే రాస్తరు బిడ్డా, రాళ్లు మోసినోళ్లవి ఎవలు రాస్తరు?”

పదిన్నరకు మేడం గదిలోకి వెళ్లాను. కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మర్యాదగానే కూర్చోమంది. నేను చెప్పిన సంవత్సరం అడ్మిషన్ రిజిస్టర్ తీయించింది. అట్టకు చెదలు పట్టింది కానీ లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. నా పేరు దొరికింది. పుట్టిన నెల జూన్. పైనా కిందా అందరిదీ జూనే, ఎందుకంటే బడిలో చేర్చుకునే రోజు సారు వేళ్ల మీద లెక్కపెట్టి వేసేవాడు. అది చూసి నవ్వాను. తర్వాత చివరి వైపు గడులు చూశాను. “బడి విడిచిన కారణం” కింద మొదటి పిల్లవాడి దగ్గర “చదువుపై ఆసక్తి లేదు” అని ఉంది. వాడి కింద, పైన రాసినట్టే అని చెప్పడానికి రెండు చిన్న గీతలు. వాడి కింద మళ్లీ గీతలు. పేజీ అడుగు దాకా అవే. నా పేరు ఎదుట కూడా రెండు గీతలు.

నాకు ఆసక్తి లేదట. ఇక్కడి నుంచి వలసపోయి, మహారాష్ట్ర భివండిలో పన్నెండు గంటలు పవర్‌లూమ్ కింద కండెలు చుట్టి, పొట్లం కట్టిన తెలుగు పేపరు దొరికితే నూనె మరక మీద కూడా చదివినదాన్ని.

“మేడం, గిది అబద్ధం” అన్నాను.

“రిజిస్టర్‌లో ఏముంటే అదే షీటులో రాయాలమ్మా. కొట్టెయ్యడానికి నాకు పవర్ లేదు.”

“అయితే గా షీటు నాకొద్దు.”

“శనివారం లాస్ట్ అంటివి. నీకు కాగితం కావాల్నా, కొట్లాట కావాల్నా?”

“రెండూ కావాలె మేడం.”

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఈ కాగితం లేకుండా వెళితే, మొన్న చేరిన కుర్రాడు నా మీద సూపర్‌వైజర్ అవుతాడు. తీసుకుని వెళితే ఈ అబద్ధం కింద నేనే సంతకం పెట్టినట్టు. అప్పుడే ఎల్లవ్వ రుచి చూడమని గిన్నెలో పప్పు తెచ్చింది. ఇక్కడ రోజూ వడ్డించే ముందు మేడం రుచి చూడాలి. మా ముఖాలు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

“ఆసక్తి లేదని రాసిన్రా?” ఎల్లవ్వ గిన్నె బల్ల మీద పెట్టింది. “మేడం, గీ పిల్ల బాపు మగ్గం అమ్మినప్పుడు నేను గాడనే ఉన్న. భివండి బస్సు ఎక్కేటప్పుడు ఈ పిల్ల సంచిల బట్టలు తీసేసి పుస్తకాలు పెట్టుకుంది. వాళ్లవ్వ నెత్తి మీద ఒక్కటేసింది. నేను చూసిన.”

మేడం పేజీ తిప్పింది. ఆ పక్క పేజీలోనూ గీతలే. ఇంకో పేజీ తిప్పింది. మళ్లీ నా పేజీకి వచ్చి, గీతల పక్కన అంచున ఉన్న ఖాళీ గడి మీద వేలు పెట్టింది. రిమార్కుల గడి. “పాతది కొట్టెయ్యలేను. గీడ రాయొచ్చు. నువ్వు అర్జీ రాసియ్యి. తెలిసినోళ్ల సంతకం కావాలె.”

మొదటి అర్జీ ఒక పేజీ నిండా తిడుతూ రాశాను. చదువుకుని చింపేశాను. రెండోది మూడు వాక్యాలు. మేడం చదివి, “ఎనిమిది చదివినదాని రాత కాదిది” అంది. “ఎనిమిది తర్వాత నేర్చుకున్నదే ఎక్కువ మేడం” అన్నాను. ఎల్లవ్వ చేయి కడుక్కుని వచ్చి, మూడక్షరాలు తీరిగ్గా గీసింది. మేడం ఎర్ర ఇంకుతో నా గడిలో “మగ్గం పని లేక కుటుంబం భివండి వలస పోయినందున” అని రాసి, సంతకం, తేదీ వేసింది. షీటులో కూడా రెండూ అలాగే రాసి ముద్ర కొట్టింది.

“కింద ఉన్నోళ్లయి?” అన్నాను.

“ఎవలది వాళ్లు వచ్చి అడగాలె. నేనున్నన్ని దినాలు రాస్త.”

మధ్యాహ్నం నరేశ్ కట్ట మీద ఆటో ఆపాడు. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. పదిహేను నిమిషాలు చాలు, ఎండలో నీడ ఉండదు, గొడుగు పట్టుకెళ్లండి. గీతల సంగతి చెప్పి, అతని పేరు ఎదుట కూడా అవే ఉన్నాయన్నాను.

“నాకైతే కరెక్టే రాసిన్రు” అని నవ్వాడు. “నాకు నిజంగనే ఇష్టం లేకుండె.”

ఆటో స్టార్ట్ చేసి, మళ్లీ ఆపేశాడు. “బోర్డు మీద అక్షరం అలుక్కపోయినట్టు కనిపిస్తుండె. అర్థం గాక కొట్లాడేటోణ్ణి. కళ్లద్దాలు పెట్టుకున్నది ఆటో లైసెన్సప్పుడు.” అద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. “ఏ పేజీల ఉంది రజితా, నా పేరు?”

నాలుగున్నర బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ షీటు మళ్లీ మళ్లీ చదివాను. అబద్ధం అలాగే ఉంది, పక్కన నిజం ఎర్రగా ఉంది. సంతోషం అనలేను. ఉద్యోగం వస్తుందో లేదో తెలియదు, పరీక్షలో లెక్కలు ఎలాగో తెలియదు. కానీ ఆ బడి కథ రాయాలంటే ముందటి రాయి చాలదని తెలిసింది. దాన్ని కట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, వాళ్ల మనవలు ఎందుకు వెళ్లిపోయారో రెండు గీతల కింద దాచారు. ఆ రిజిస్టర్ రాసినాయన చెడ్డవాడని కూడా అనను. చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. ఆ నొప్పి తగ్గడానికి మా అందరి కారణం ఒకటే అయిపోయింది.

మీరు మీ బడికి వెళ్లేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. ఆధార్, ఒక ఫొటో, మిమ్మల్ని అప్పట్లో ఎరిగిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. పదిన్నరకు, భోజనాల గంట కొట్టకముందే ఆఫీసులో ఉండండి. షీటు చేతిలో పెట్టగానే లేచి రాకుండా, రిజిస్టర్‌లో మీ పేజీ తెరిపించి “బడి విడిచిన కారణం” గడి చదవండి. అక్కడ రెండు గీతలుంటే రిమార్కుల గడి ఖాళీగా ఉందేమో చూడండి.