బోణీ బస్తా

సిద్దార్థకు పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు, హిమోఫిలియా. కాలు కాస్త మెలిపడితే చాలు, మోకాలి లోపల రక్తం నిండి ఉబ్బిపోయేది. బీబీపేటలో వాణ్ణి చూసిన ప్రతివాళ్లూ అయ్యో పాపం అనేవాళ్లు. ఆ మాట వింటే వాడికి ఒళ్లు మండేది.

కామారెడ్డిలో ఫిజియోథెరపిస్టు కృపాజ్యోతి వాడికి దారి చూపింది. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ వేసుకున్నాకే కసరత్తు. ముందు రబ్బరు పట్టీ, తర్వాత నీళ్ల సీసా, ఆ తర్వాతే చిన్న ఇసుక సంచి.

"కండ గట్టిపడితే కీలును అదే కాపాడుతది. నొప్పి లేస్తే మాత్రం అక్కడికక్కడే ఆపెయ్యాలె" అని చెవినిల్లు కట్టుకుని చెప్పింది.

వాడు తు.చ. తప్పలేదు. ఏడాది తిరిగేసరికి తొడలు బిగిశాయి, భుజాలు తేలాయి, మోకాలు వాచడం మానేసింది. అదే వాడి కొంప ముంచింది.

తండ్రి పర్శరాములు మార్కెట్ యార్డులో హమాలీ. తోటి హమాలీలు ఆ కండలు చూసి నవ్వారు. "ఏంది పర్శన్నా, గింత బలిసిన పోరనికి బీమారా? పని ఎగ్గొట్టే వేషాలు గివి."

ఆ మాట పర్శరాములుకు మింగుడు పడలేదు.

"జబ్బు పోలే బాపూ. కసరత్తుతోని కాలు నిలబడ్డది, గంతే."

"జబ్బున్నోని ఒళ్లు గిట్లుంటదా? నలుగురిల నా ఇజ్జత్ తియ్యకు."

యార్డులో ఒక రివాజు ఉంది. మొక్కజొన్నల సీజను మొదలైన పొద్దున, కొత్తగా చేరినవాడు మొదటి బస్తా ఒక్కడే మోసి లారీకెక్కించాలి. అది బోణీ బస్తా. ఆ ఏడు కొడుకును హమాలీగా చేర్పించి, పర్శరాములు తన చేతులతోనే దాన్ని వాడి వీపున పెట్టాడు. చుట్టూ ఈలలు. లారీకి ఆనించిన చెక్క పలక సగం ఎక్కాక మోకాలి లోపల వెచ్చగా చిమచిమలాడింది. అదేమిటో సిద్దార్థకు బాగా తెలుసు.

"దించుత బాపూ."

"దించినవంటే నువ్వు నా కొడుకువే కాదు."

వాడు దించలేదు. చప్పట్లు మోగాయి. పర్శరాములు మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రానికి మోకాలు బిర్రుగా ఉబ్బింది. "ఇంజెక్షన్‌కు తోలుకపో బాపూ" అని వాడు ఏడ్చాడు. బెణికిందంతే అన్నాడు తండ్రి. జబ్బని ఒప్పుకుంటే రేపు యార్డులో తలెత్తుకోలేడు మరి! వేడి నూనె పోసి, వాడు అరుస్తున్నా వినకుండా మర్దన చేశాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

కాలు వంగిన చోటే బిగుసుకుపోయింది. నెలల తరబడి మంచాన పడేసరికి ఏడాది పాటు పెంచుకున్న కండ కరిగిపోయింది. మొన్న హమాలీలు పరామర్శకు వచ్చారు. ఎండిన ఆ కాలును చూసి, "అయ్యో పాపం, నిజంగనే బీమారున్నది" అన్నారు.

వాళ్లు వెళ్లాక తండ్రి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు నమ్మినవా బాపూ?" అని అడిగాడు సిద్దార్థ.